చెంచా వైన్ 2 లక్షల 70 వేలు!

2018 అక్టోబరు 13, న్యూయార్క్, సాదబీస్ వేలంశాల. పాటకు వచ్చింది ఒకే ఒక్క సీసా. లోపల ముప్పావు లీటరు ఎర్ర వైన్. దాని వయసు 73 ఏళ్లు. వేలం వేసేవాళ్లు 32 వేల డాలర్లు రావచ్చని అంచనా కట్టారు. పాట ఆగి, వాళ్ల రుసుము కూడా కలిశాక తేలిన మొత్తం 5,58,000 డాలర్లు. అంచనాకు 17 రెట్లు. అప్పటి మారకపు రేటుతో చూస్తే మన డబ్బుల్లో దాదాపు 4 కోట్ల 10 లక్షలు. అయిదు మిల్లీలీటర్లు పట్టే టీ చెంచాతో కొలిస్తే ఒక్కో చెంచా 2 లక్షల 70 వేల రూపాయల పైమాటే.

అప్పటిదాకా వేలంలో ఏ మామూలు సైజు వైన్ సీసాకూ ఇంత ధర పలకలేదు. అంతకుముందు పెద్ద పేరు 1869 నాటి లఫీట్‌ది. 2010లో హాంకాంగ్‌లో ఆ వైన్ సీసాలు మూడు, ఒక్కోటి దాదాపు 2,30,000 డాలర్లకు పోయాయి. దానికి రెట్టింపు దాటేసింది ఈ సీసా.

నిమిషాల తేడాతో అదే వైన్, అదే ఏడాది, అదే ఇంటి సీసా మరొకటి పాటకు వచ్చింది. అది 4,96,000 డాలర్లకే ఆగిపోయింది. మొదటిది పాడినవారు కాస్త ఓపిక పడితే 62 వేల డాలర్లు మిగిలేవని లెక్క చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లు ఓపిక పట్టి రెండోదానికి పోటీకి దిగితే దాని ధర ఎక్కడికి పోయేదో మాత్రం వాళ్లు చెప్పరు.

అసలు వింత ఇంకోటి ఉంది. అన్ని డబ్బులు పోసేముందు ఎవరూ ఆ వైన్ రుచి చూడలేదు, బిరడా తీయలేదు. వాళ్లు కొన్నది ఒక హామీ. తోటలో సీసాకెక్కిన ఆ వైన్ ఒక వర్తకుడి నేలమాళిగకు చేరింది. ఆ తర్వాత ఏడు దశాబ్దాల పాటు మరో చేతికి మారలేదు. ఈ కథలో పేరు తోటది, పరువు వర్తకుడిది. తోట పేరు రొమానె-కోంటి. వర్తకుడి ఇంటి పేరు ద్రువాన్.

నాలుగున్నర ఎకరాలు

ఫ్రాన్స్ తూర్పు భాగంలోని బర్గండీలో, దిజాన్ నగరానికి దక్షిణంగా వోన్-రొమానె అనే చిన్న ఊరు ఉంది. ఊరి వెనక సున్నపురాతి వాలు. ఆ వాలు నడుమ రాతిగోడ, దాని మీద ఒక రాతి శిలువ, గోడ వెనక తోట. విస్తీర్ణం 1.81 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలకు కాస్త తక్కువే. అందులో పండేది పినో న్వార్ అనే ఒకే రకం నల్లద్రాక్ష. చిన్న గుత్తులు, పలచని తోలు. ఏటా 5 నుంచి 6 వేల సీసాలు వస్తే అదే గొప్ప. ప్రపంచం మొత్తానికీ పంచాల్సింది వాటినే. చూడవచ్చేవాళ్లు గోడ దాటి లోపల అడుగు పెట్టవద్దని అక్కడో బోర్డు పెట్టారు. ఎక్కువమంది గోడ దగ్గర నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

చిన్నదనంలో దీన్ని మించినది పక్కనే ఉంది. పైవాలున ఆనుకుని ఉన్న లా రొమానె 0.85 హెక్టార్ల లోపే. మన భూమి లెక్కలో రెండెకరాల మూడు గుంటల పైచిలుకు. అంత చిన్న చెక్కకు ఫ్రాన్స్‌లో సొంతంగా ప్రభుత్వ గుర్తింపు పేరుంది. దేశంలోకెల్లా అతి చిన్న గుర్తింపు ప్రాంతం అదే. దాని వైన్‌ను చాలాకాలం అమ్మింది కూడా బోన్ పట్టణంలోని ఒక వర్తక సంస్థే, బుషార్ పేర్ ఎ ఫిస్.

ఇలా పేరూ హద్దులూ ఉన్న చెక్కలు బర్గండీలోని ఆ కొండవాలు మీద 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటన్నిటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే వాలు, ఎర్ర వైన్‌కు ఒకే ద్రాక్ష. గట్టు దాటితే పేరు మారుతుంది, ధరలో ఒక సున్నా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మట్టిలో అంత తేడా నిజంగా ఉందా అని నోరు చప్పరించే నిపుణులు తరతరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు.

తోట పేరు చివర ఉన్న కోంటి ఒక రాజకుమారుడి బిరుదు. లూయీ ఫ్రాన్స్వా ద బూర్బోన్, కోంటి రాకుమారుడు, 1760లో ఈ తోట కొన్నాడు. 15వ లూయీకి ప్రియురాలైన పాంపదూర్ దొరసాని కూడా దీని మీద కన్నేసిందని, ఆమె చేతికి చిక్కకుండా ఇతను ఎగరేసుకుపోయాడని ఓ కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, కొన్నాక అతను వైన్‌ను బయట అమ్మడం మానేసి తన విందుబల్లకే ఉంచుకున్నాడు. దొరకని సరుకు మీద మోజు పెరగడం అప్పుడే మొదలైంది. ఫ్రెంచి విప్లవం వచ్చి తోటను జప్తు చేసి 1794లో వేలం వేసింది. రాచరికం పోయినా పేరులోని రాకుమారుడు మాత్రం మిగిలాడు. పేరుకు ఉన్న గిరాకీ విప్లవకారులకూ తెలుసు.

వేరుపేనుతో చివరి పోరు

1945 నాటి సీసాకే ఎందుకంత విలువ?

19వ శతాబ్దం రెండో సగంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే సన్నని పేను ఫ్రాన్స్ ద్రాక్ష వేళ్లను పీల్చి పిప్పి చేసింది. లక్షల హెక్టార్ల తోటలు ఎండిపోయాయి. చివరికి దొరికిన మందు అంటుకట్టడం. ఆ పేనుకు లొంగని అమెరికా ద్రాక్ష వేళ్ల మీద ఫ్రెంచి తీగను అంటుకట్టి నాటారు. ఒక్కొక్క తోటా ఆ దారికి వచ్చింది. రొమానె-కోంటి యజమానులు మాత్రం ససేమిరా అన్నారు. సొంత వేళ్ల మీద నిలిచిన పాత తీగల వైన్‌కు అంటు తీగలు సాటిరావని వాళ్ల నమ్మకం.

మరి పేనును ఆపడం ఎలా? తీగ చుట్టూ మట్టిలో కార్బన్ డైసల్ఫైడ్‌ను పెద్ద సూదిలాంటి పరికరంతో దించేవారు. అది విషం, ఇట్టే అంటుకుంటుంది, ఖరీదు కూడా. తోట చిన్నది, వైన్ ధర పెద్దది కాబట్టి దశాబ్దాల పాటు ఆ ఖర్చును మోయగలిగారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. రసాయనం దొరకలేదు, కూలీలూ దొరకలేదు. ముసలి తీగలు ఒక్కొక్కటే కూలిపోవడం మొదలైంది.

1945 వసంతంలో చిగుళ్ల మీద మంచు పడి కాపును సగానికి పైగా కాల్చేసింది. మిగిలిన గుత్తులకు ఎండ బాగా కాసింది. ఆ శరదృతువులో తీసిన వైన్ మొత్తం సుమారు 600 సీసాలు. బర్గండీ పీపాలో పట్టేది 228 లీటర్లు. అంటే తోటంతా కలిపి రెండు పీపాలు! కోత అయ్యాక తీగలన్నిటినీ వేళ్లతో సహా పీకేశారు. 1947లో అంటు తీగలు నాటారు. 1946 నుంచి 1951 దాకా రొమానె-కోంటి పేరుతో వైన్ లేదు. మళ్లీ సీసా బయటికొచ్చింది 1952 కాపుతోనే.

అందుకే 1945 సీసా అంటే సొంత వేళ్ల మీద బతికిన తీగల ఆఖరి కాపు. యుద్ధం ముగిసిన ఏడు, అతి తక్కువ దిగుబడి, అద్భుతమైన ఎండ, చివరి కాపు, ఇన్నీ ఒకే ఏడాదిలో కలిశాయి. వేలంపాటల వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

పండించేది ఒకరు, పేరు పెట్టేది ఒకరు

బర్గండీలో వర్తకుడు ఎందుకు అంత పెద్దవాడయ్యాడో చెప్పుకోవాలి. విప్లవం తర్వాత మఠాల తోటలన్నీ అమ్ముడయ్యాయి. నెపోలియన్ చట్టం ఆస్తిని పిల్లలందరికీ సమానంగా పంచమంది. తరానికి తరం తోటలు ముక్కలయ్యాయి. క్లో ద వూజో అనే తోట 50 హెక్టార్లు, దానికి ఇప్పుడు సొంతదార్లు 80 మంది చిల్లర. కొందరికి నాలుగు వరసల తీగలే ఉంటాయి. నాలుగు వరసలతో ఒక పీపా అయినా నిండుతుందో లేదో. వాళ్లు సీసాలు ఎక్కడ కొనాలి, లేబుల్ ఎలా అచ్చు వేయించాలి, లండన్‌లో ఎవరికి అమ్మాలి?

ఆ ఖాళీలోకి వచ్చినవాడే నెగోసియాన్. ఊరూరా తిరిగి చిన్న రైతుల దగ్గర ద్రాక్షో, కొత్త వైనో కొని, తన నేలమాళిగలో పీపాల్లో పెంచి, తన పేరుతో సీసాకెక్కించి అమ్మే వర్తకుడు. వట్టి దళారి అనడానికి వీల్లేదు, పీపాలోకి వెళ్లాక వైన్ మంచిచెడ్డలు అతని చేతిలోనే ఉంటాయి. చెడ్డపేరూ తక్కువేం కాదు. ఎండ ఎక్కువ కాసే దక్షిణాది వైన్‌ను కలిపి బర్గండీ పేరుతో అమ్మేవాళ్లుండేవారు. అందుకే ఇంటి పేరుకు అంత విలువ. ఈ వర్తక సంస్థల్లో అన్నిటికన్నా పాతది 1720లో బోన్‌లో మొదలైన షాంపీ. 1731 నాటి బుషార్ దాని వెనకే ఉంది.

ద్రువాన్ వాళ్లు వీళ్లతో పోలిస్తే కొత్తవాళ్లు. షాబ్లీ ప్రాంతం నుంచి జోసెఫ్ ద్రువాన్ అనే 22 ఏళ్ల కుర్రాడు 1880లో బోన్‌కు వచ్చి సంస్థ పెట్టాడు. అతని కొడుకు మోరిస్ తోటలు కొనడం మొదలుపెట్టాడు. వైన్ ఎక్కడిదో తనకు కచ్చితంగా తెలియాలంటే మట్టి తనదై ఉండాలని అతను అనుకుని ఉండాలి. 1928లో అతనికి దక్కిన హక్కు ఈ కథకు మూలం. రొమానె-కోంటి తోట వారి వైన్లను ఫ్రాన్స్‌లోనూ బెల్జియంలోనూ పంపిణీ చేసే అధికారం ద్రువాన్ వాళ్లకే వచ్చింది. 1964 దాకా అది వాళ్ల దగ్గరే ఉంది. అమ్మినవి పోగా ఇంటికి దాచుకున్నవి నేలమాళిగలో ఉండిపోయాయి.

ఆ నేలమాళిగ కూడా ఒక విశేషమే. బోన్ పాతపట్నం కింద దాదాపు హెక్టారు మేర సొరంగాల్లా పాకి ఉంటుంది. ఒక భాగం బర్గండీ డ్యూకులది, ఒక భాగం ఫ్రాన్స్ రాజులది, ఒక భాగం పైనున్న చర్చి పూజారులది. ఒకచోట రోమన్ల కాలం నాటి కోటగోడ బయటపడి ఉంటుంది. పైన వీధుల్లో పర్యాటకులు ఐస్‌క్రీం తింటూ తిరుగుతుంటారు, కింద పీపాలు వరసగా ఉంటాయి.

సాలెపురుగులు కట్టిన గోడ

1940 జూన్‌లో జర్మన్ సైన్యం బోన్‌లోకి వచ్చింది. వాళ్లకు ఫ్రెంచి వైన్ అంటే మోజు. కొనడం పేరుతో కొంత, ఉత్త దోపిడీతో కొంత రైళ్లకొద్దీ తరలించుకుపోయారు. ఫ్రాన్స్ అంతటా వైన్ ఇళ్లవాళ్లు రాత్రికి రాత్రే గోడలు కట్టారు, గోతులు తవ్వారు.

మోరిస్ ద్రువాన్ కూడా నేలమాళిగలో ఒక భాగాన్ని గోడకట్టి మూసేశాడు. వెనక దాచినవాటిలో 1929 నుంచి 1938 దాకా కాపుల రొమానె-కోంటి వైన్లు ఉన్నాయి. తిప్పలల్లా గోడతోనే. వందల ఏళ్ల నాటి రాళ్ల నడుమ నిన్న కట్టిన గోడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఇంట్లో పిల్లలకు ఒక పని అప్పగించారు. నేలమాళిగంతా వెతికి సాలెపురుగులను పట్టుకొచ్చి ఆ గోడ మీద వదలడం! అవి గూళ్లు అల్లితే గోడకు వయసొస్తుంది. ఆ పురుగులు పట్టిన పిల్లల్లో ఒకడు రాబర్ట్, 1933లో పుట్టినవాడు. దశాబ్దాల తర్వాత అతను చెప్పుకున్న ఈ జ్ఞాపకాన్ని డాన్, పెటీ క్లాడ్‌స్ట్రప్ దంపతులు తమ ‘వైన్ అండ్ వార్’ పుస్తకంలో రాశారు.

గోడ పట్టుబడలేదు. 2018 వేలంలో 1937 నాటి రొమానె-కోంటి సీసాలు మూడు కలిపి 3,10,000 డాలర్లకు పోయాయి. అవి ఆ గోడ వెనక ఉన్నవే అయ్యుండాలని అనిపిస్తుంది. ఏడేళ్ల పిల్లవాడు సాలెపురుగులతో కాపాడిన సరుకును 85 ఏళ్ల పెద్దాయన అమ్మాడన్నమాట. ఆ రోజు ఆయన సేకరణ మొత్తానికి వచ్చింది సుమారు 73 లక్షల డాలర్లు. వైన్ చరిత్రలో సాలెపురుగులకు ఇంత కూలి గిట్టుబాటైన సందర్భం ఇంకోటి లేదు.

మోరిస్‌కు మాత్రం అంత తేలిగ్గా గడవలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి అమెరికన్ అధికారులతో స్నేహం చేసినవాడు కాబట్టి జర్మన్లకు ఆయన మీద అనుమానం. 1941లో పట్టుకెళ్లి పారిస్ దగ్గరి ఫ్రెన్ జైల్లో కొన్ని నెలలు పెట్టారు. విడుదలై వచ్చాక ఆయన ప్రతిఘటన ఉద్యమంతో కలిసి పనిచేశాడు. 1944 జూన్‌లో గెస్టపో వాళ్లు మళ్లీ వచ్చి ఇంటి తలుపు కొట్టారు. ముందు తలుపు తెరిచేలోగా ఆయన నేలమాళిగలోకి దిగిపోయాడు. హెక్టారు మేర చిక్కుదారులు. చీకట్లోనూ ఆయనకు ప్రతి మలుపూ తెలుసు, వెంట వచ్చినవాళ్లకు ఒక్కటీ తెలియదు. స్వర్గం పేరు పెట్టుకున్న పక్కవీధిలో, రూ పారడీలో, పైకి తేలి ఊళ్లోని పాత ఆసుపత్రికి చేరాడు. బోన్‌కు విముక్తి వచ్చేదాకా అక్కడి సన్యాసినులు ఆయన్ను దాచారు.

పీపా ధర 8,10,000 యూరోలు

ఆ ఆసుపత్రే ఒస్పీస్ ద బోన్. బర్గండీ డ్యూకు దగ్గర మంత్రిగా ఉన్న నికొలా రొలాన్, అతని భార్య గిగోన్ ద సాలాన్ 1443లో పేదల కోసం పెట్టారు. రంగురంగుల పెంకుల కప్పుతో ఉన్న ఆ భవనంలో 1971 దాకా రోగులను చూశారు. దాతలు డబ్బులకు బదులు తోటలు రాసిచ్చేవారు. ఆసుపత్రి ఆ ద్రాక్షను వైన్ చేసి అమ్ముకునేది. 1859 నుంచి ఏటా నవంబరులో బహిరంగ వేలం నడుస్తోంది. ధర్మకార్యం కోసం జరిగే వైన్ వేలాల్లో ఇంత పేరున్నది, ఇంతకాలంగా నడిచేది మరొకటి లేదు. ఒకప్పుడు కొవ్వొత్తి వెలిగించి, అది ఆరేలోగా పడిన చివరి పాటకు సరుకు ఇచ్చేవారు.

ఇక్కడ అమ్మేది సీసాలు కాదు, ఆ ఏడాది తీసిన వైన్, పీపాల లెక్కన. ఏటా ఒక పీపాను ప్రత్యేకంగా ఉంచి, దాని మీద వచ్చిన డబ్బును సేవాసంస్థలకు ఇస్తారు. 2022లో ఆ పీపా 8,10,000 యూరోలు పలికింది. 300 సీసాలు వస్తాయనుకుంటే సీసాకు 2,700 యూరోలు. అది కూడా ఇంకా సరిగా తయారు కాని వైన్‌కు! పాడుకున్నవాళ్లు పీపాను ఇంటికి తీసుకుపోవడం కుదరదు. దాన్ని పెంచి సీసాకెక్కించే పని మళ్లీ స్థానిక వర్తకుడిదే.

మోరిస్ ఈ ఆసుపత్రి పాలకవర్గంలో ఏళ్ల తరబడి పనిచేసి, కొన్ని తోటలను దానికి రాసిచ్చాడు. ‘మోరిస్ ద్రువాన్’ పేరున్న వైన్ ఇప్పటికీ ఆ వేలంలో పాటకు వస్తుంది.

ఇలాంటి దానం లెక్కలు కలిపితే మొదట చెప్పుకున్న లఫీట్ రికార్డు తలకిందులవుతుంది. 2000లో కాలిఫోర్నియా నాపాలో జరిగిన ఒక విరాళాల వేలంలో 1992 స్క్రీమింగ్ ఈగిల్ సీసా 5,00,000 డాలర్లకు పోయింది. అయితే అది ఆరు లీటర్ల సీసా, అంటే ఎనిమిది మామూలు సీసాలకు సమానం. పైగా అక్కడ డబ్బిచ్చేవాళ్లు వైన్ కోసం కాక విరాళంగా ఇస్తారు. అందుకే రికార్డుల పుస్తకాలు రెండిటినీ వేరుగా చూస్తాయి, అలా చూడడమే న్యాయం.

ఖాళీ సీసాలు ఏరుకున్నవాడు

సాలెగూళ్లతో గోడను ముసలిదాన్ని చేసిన ఇంటి కథ విన్నారు. సీసాలనే ముసలివాటిగా చేసినవాడు మరొకడున్నాడు. అతను రూడీ కుర్నియావాన్. ఇండొనేసియా నుంచి అమెరికా వెళ్లి, పాతికేళ్ల వయసులోనే లక్షల డాలర్ల వైన్లు కొంటూ అమ్ముతూ పెద్దల సభల్లో వెలిగిపోయాడు. రొమానె-కోంటి మీద మోజుకు స్నేహితులు అతనికి ‘డాక్టర్ కోంటి’ అని పేరు పెట్టారు. 2006 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన ఒక వేలంలో అతని సరుకే 2 కోట్ల 47 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఒకే అమ్మకందారు వైన్లకు అప్పట్లో అదే రికార్డు.

విందుల్లో తాగేసిన పాత సీసాలను, బిరడాలతో సహా తనకు పంపమని హోటళ్లకు చెప్పేవాడు. ముచ్చటపడి దాచుకుంటున్నాడనుకున్నారంతా. 2008లో బర్గండీ రైతు లారాన్ పోన్సోకు ఒక వేలం జాబితా కంటపడింది. తమ ఇంటి క్లో సాన్ దెనీ వైన్లు, 1945 నుంచి 1971 నాటివి, పాటకు వస్తున్నాయి. తమ ఇల్లు ఆ తోట వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో! ఆయన విమానమెక్కి న్యూయార్క్ వచ్చి వేలంశాలలోనే కూర్చున్నాడు, ఆ సరుకును పాట నుంచి తీసేశారు. 2012లో ఎఫ్‌బీఐ వాళ్లు కాలిఫోర్నియాలోని కుర్నియావాన్ ఇల్లు సోదా చేస్తే దొరికినవి వేలకొద్దీ లేబుళ్లు, బిరడాలు, మైనం, ముద్రలు. 2014లో 10 ఏళ్ల శిక్ష పడింది. 2021లో దేశం నుంచి పంపేశారు.

అతను కలిపి అమ్మిన సీసాల్లో కొన్ని ఇప్పటికీ ఎవరెవరి అల్మరాల్లోనో నిజమైనవిగా చలామణి అవుతూ ఉండవచ్చు. నాలుకను నమ్ముకుంటే లాభం లేదని ఆ కేసు తేల్చేసింది, పెద్ద పెద్ద నాలుకలే మోసపోయాయి. అలా మార్కెట్ బెదిరి ఉన్న రోజుల్లో, 1928 నుంచి పంపిణీదారుగా ఉన్న ఇంట్లోంచి కదలని సీసా వేలానికి వచ్చింది. 17 రెట్లు ఎందుకు పెరిగిందంటే ఒక పెద్ద కారణం అదే.

జాగ్రత్త చాలక చేజారినవీ ఉన్నాయి. 1985లో లండన్ క్రిస్టీస్‌లో 1787 నాటి లఫీట్ సీసా 1,05,000 పౌండ్లకు ఫోర్బ్స్ కుటుంబం చేతికి వచ్చింది. ప్రదర్శనకు పెట్టారు. పైన దీపాల వేడికి బిరడా ఎండి సీసాలోకి జారిపోయింది. తర్వాత ఆ సీసా నిజమైనదేనా అనే అనుమానాలూ రేగాయి. 1989లో న్యూయార్క్‌లోని ఫోర్ సీజన్స్ రెస్టారెంట్‌లో విలియం సొకొలిన్ అనే వ్యాపారి 1787 నాటి మార్గో సీసాను విందుకు తెచ్చి నలుగురికీ చూపించబోతుంటే అది బల్ల అంచుకు తగిలి పగిలింది. బీమా సంస్థ 2,25,000 డాలర్లు చెల్లించింది. పగిలిన సీసాల్లో దానిదే రికార్డు.

శ్మశానంలో డబ్బు సంచి

2010 జనవరిలో రొమానె-కోంటి తోట పెద్ద ఒబేర్ ద విలేన్ ఇంటికి ఒక పొట్లం వచ్చింది. లోపల తోట పటం, తీగ తీగనూ గుర్తించినంత వివరంగా. కొన్ని తీగలకు విషం ఎక్కించామని, 10 లక్షల యూరోలు ఇవ్వకపోతే మిగతావాటికీ ఎక్కిస్తామని బెదిరింపు. నిజంగానే తీగల మొదళ్లకు రంధ్రాలు కనిపించాయి. కొన్ని చచ్చాయి కూడా. దగ్గర్లోని షాంబోల్-మ్యుజిన్యీ ఊళ్లో మరో పెద్ద తోటకూ ఇలాంటి ఉత్తరమే వెళ్లింది.

డబ్బు సంచిని షాంబోల్-మ్యుజిన్యీ శ్మశానంలో పెట్టమన్నారు. పోలీసులు నకిలీ నోట్లు పెట్టి కాచి పట్టుకున్నారు. ప్రధాన నిందితుడు విచారణకు ముందే జైల్లో ఉరేసుకున్నాడు. మనుషులను ఎత్తుకుపోయి డబ్బులడగడం విన్నాం గానీ, మొక్కలను బందీ చేయడం ఈ తోటకే చెల్లింది.

0.2 పాయింట్లు

మళ్లీ ద్రువాన్ ఇంటికి వస్తే, 1957లో మోరిస్ ఆరోగ్యం చెడిపోయింది. రాబర్ట్ 24 ఏళ్లకే సంస్థ పగ్గాలు పట్టాడు. ఆడవాళ్లు వైన్ తయారీలో అరుదుగా కనిపించే రోజుల్లో, 1973లో, లోరాన్స్ జొబార్ అనే యువతిని తయారీ నిపుణురాలిగా పెట్టుకున్నాడు. ఆమె మూడు దశాబ్దాల పాటు ఆ ఇంటి వైన్లు చూసింది.

1979లో గో-మియో పత్రిక పారిస్‌లో ‘వైన్ ఒలింపిక్స్’ జరిపింది. పేర్లు కనపడకుండా రుచి చూస్తే, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం నుంచి డేవిడ్ లెట్ పంపిన ఐరీ 1975 పినో న్వార్ బర్గండీ దిగ్గజాల సరసన నిలిచింది. ఫ్రెంచివాళ్లకు మింగుడుపడలేదు. పోటీకి పెట్టిన ఫ్రెంచి వైన్లు సరైనవి కావన్నారు కొందరు. రాబర్ట్ ద్రువాన్ వాదించకుండా 1980లో బోన్‌లోనే మళ్లీ పోటీ పెట్టాడు. ఈసారి తన ఇంటి గొప్ప వైన్లనే ఎదురు నిలబెట్టాడు. మొదటి స్థానం ద్రువాన్ వారి 1959 షాంబోల్-మ్యుజిన్యీకి వచ్చింది. రెండో స్థానం ఐరీకే. తేడా 0.2 పాయింట్లు. ఆ అమెరికా వైన్ వయసు అయిదేళ్లు కూడా నిండలేదు. దాని వెనక ఉన్నది ద్రువాన్ వారి 1961 షాంబెర్తాన్ క్లో ద బేజ్.

ఓడితే ముఖం చాటేసేవాళ్లుంటారు, గెలిస్తే గొప్పలు పోయేవాళ్లుంటారు. రాబర్ట్ గెలిచి కూడా ఆలోచనలో పడ్డాడు. వర్తకుడి బుర్ర అది. కూతురు వెరోనిక్‌ను 1986లో కోతల కాలానికి ఆరెగాన్ పంపి అక్కడి పని నేర్చుకోమన్నాడు. మరుసటి ఏడాది డండీ కొండల్లో భూమి కొన్నాడు. 1988లో మొదటి వైన్ వచ్చింది, తయారుచేసింది వెరోనిక్. పేరున్న బర్గండీ ఇల్లు ఒకటి ఆరెగాన్‌లో తోట వేయడం అదే మొదలు.

అక్కడి రైతులు అప్పటికి ద్రాక్షను సొంత వేళ్ల మీదే నాటేవారు. ఆరెగాన్‌కు ఫిలోక్సెరా ఇంకా రాలేదు, అంటు మొక్కలకు అదనపు ఖర్చు ఎందుకని. ద్రువాన్ వాళ్లు మాత్రం బర్గండీలోలాగా తీగలను దగ్గరదగ్గరగా, పేనుకు లొంగని వేళ్ల మీద అంటుకట్టినవే నాటారు. 1990లో ఆరెగాన్ తోటల్లో ఫిలోక్సెరా కనిపించింది.